ఏడో మలుపు ఎర్రమన్ను

నేను ఊరికే దొర్లడం తెలియని సైకిల్ని. తక్కిన సైకిళ్ళ మీద అయితే దిగుడులో కాళ్ళు కదపకుండా కూర్చోవచ్చు, ఈల కూడా వేసుకోవచ్చు. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. నా వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే, వాటితో పాటు ఎక్కినవాడి కాళ్ళూ ఆడాల్సిందే. కాళ్ళు బిగబడితే ఆగుతాను, వెనక్కి తొక్కితే వెనక్కి పోతాను. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒక మనిషి పనిగట్టుకుని నాకు అంటించినది.

ఇప్పుడు నేను తేనెకొండ అడుగున, కొండకిందపల్లెలో, ఓబుళమ్మ టీకొట్టు వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. నా హ్యాండిల్ మీద చిక్కుడుతీగ పాకింది. కాయలు కోసుకునే వాళ్ళకు నేను పందిరి గుంజని మాత్రమే. కానీ ఎనిమిదేళ్ళపాటు ఈ ఊళ్ళో ఒక మనిషి రహస్యం నా ఒక్కదానికే తెలుసు అనుకుంటూ తిరిగాను. ఆ రహస్యం ఒక సోమవారం పొద్దున ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. అది చెప్పుకోవాలి.

ఎక్కడో ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నల్లరంగు, పక్కల బంగారు గీతలు, తోలు సీటు. నాలాంటివే ఇంకో నలభై, ఒకే తల్లి కడుపున ఒకేరోజు పుట్టినట్టు, కాగితాలు చుట్టుకుని గూడ్సుబండిలో మదనపల్లెకు దిగాము. నన్ను కొన్నవాడు షేక్ మౌలాలి. ఊరూరా తిరిగి సైకిల్ ఫీట్లు చేసేవాడు. ఊరి మధ్యన గుంజ పాతి, మైకు పెట్టి, దాని చుట్టూ ఏడు రోజులు దిగకుండా సైకిల్ తొక్కేవాడు. స్నానం నా మీదే, భోజనం నా మీదే, చొక్కా మార్చుకోవడం నా మీదే. ఏడు రోజులు ఒకేచోట తిరిగి ఎక్కడికీ చేరనివాడికి ఊరంతా పూలదండలు వేసేది. మనుషుల ముచ్చట్లు నాకు అప్పటినుంచే అంతుపట్టలేదు.

అలా తిరగాలంటే మామూలు సైకిల్ పనికిరాదు. కదలకుండా నిలబడాలి, జనం చప్పట్లు కొట్టేలా వెనక్కి పోవాలి. అందుకని మౌలాలి, కాళ్ళు ఆగినా చక్రాన్ని తిరగనిచ్చే నా ఫ్రీవీలు తీయించేసి, ఇరవై రెండు పళ్ళ చక్రం ఒకటి తెచ్చి, వెనక చక్రం హబ్బుకు ఇత్తడితో అతికించేశాడు. వెనక బ్రేకు కూడా పీకేశాడు. ఆ రోజు నుంచీ నేను ఇలా అయ్యాను.

కొండకిందపల్లెలో ఆట పెట్టిన ఆరో రోజు మౌలాలికి చలిజ్వరం కమ్మింది. నా మీది నుంచి పక్కకు ఒరిగిపోతుంటే పట్టుకున్నవాడు రెడ్డెప్ప. అప్పటికి ముప్ఫై రెండేళ్ళవాడు, కొండమీదికి తపాలా సంచి మోసే మెయిల్ క్యారియరు. మౌలాలిని బండిలో వేసుకుని ఆసుపత్రికి చేర్చాడు. బతికి బయటపడ్డాక మౌలాలి నన్ను రెడ్డెప్ప చేతిలో పెట్టి ఒకే మాట చెప్పాడు. "దీనికి నిలబడేది తెలుసు భయ్యా, ఆగేది తెలీదు. చూసి తొక్కు."

తేనెకొండ మీద ఒక క్షయ ఆసుపత్రి, ఒక బడి, పాతిక ఇళ్ళు, ఒక చిన్న పోస్టాఫీసు ఉన్నాయి. కింది నుంచి ఏడు కిలోమీటర్లు, తొమ్మిది మలుపులు. తారు లేదు, ఎర్రగరుసు పరిచిన రోడ్డు. బస్సు అడుగున ఓబుళమ్మ కొట్టు దగ్గర సంచి పడేసి దాని దారిన అది పోతుంది. ఆ సంచి తొమ్మిదిన్నర లోపల పైకి చేరాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు ఇంటి ఉత్తరం కోసం తొమ్మిది నుంచే వరండాలో కూర్చుంటారు. వాళ్ళ మందుల పార్శిళ్ళూ ఆ సంచిలోనే వస్తాయి.

నాకు ముందు ఆ దారిలో నడిచిన సైకిళ్ళన్నీ మూడో మలుపు దగ్గరే మొరాయించేవట. నేను మొరాయించలేదు. ఎక్కుడులో ఒక్కో తొక్కుకూ ఒకచోట కాలు బలం చాలని క్షణం ఉంటుంది, పెడలు నెత్తి మీద నిలిచినప్పుడు. మామూలు సైకిల్ అక్కడ చచ్చిపోతుంది. నేనైతే తిరుగుతున్న చక్రం ఊపుతో ఆ కాలిని నేనే పట్టుకుని అవతలికి దాటిస్తాను. రెడ్డెప్ప ఆ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టాడు. పదిహేనో రోజుకు ఏడు కిలోమీటర్లూ ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా ఎక్కేశాడు.

అక్కడ మొదలైంది తంటా. ఓబుళమ్మ నమ్మలేదు. నోరు పెద్దది, మనసూ పెద్దదే కానీ చూసింది తప్ప నమ్మని మనిషి. ఆమె కొట్టు ముందు సిమెంటు అరుగు ఉంది. కొండమీద పోస్టాఫీసు ముందు బండపరుపు. నడుమంతా ఎర్రమన్ను. "రెడ్డెప్పా, ఈ అరుగు మీద నుంచే ఎక్కు, ఈ అరుగు మీదే దిగు. నీ చెప్పుల అడుగున ఎర్రమన్ను లేకుంటే ఒప్పుకుంటా," అంది. ఆ రోజు దిగి వచ్చి చెప్పులు తిరగేసి చూపించాడు. ఇంత మన్ను కూడా లేదు. మర్నాడు మళ్ళీ చూసింది. ఆ మర్నాడూ చూసింది. అది అలవాటైపోయింది. వానాకాలంలో తప్ప రోజూ పొద్దున పదకొండింటికి రెడ్డెప్ప దిగి రావడం, ఓబుళమ్మ "ఏదీ, చూపీ" అనడం, ఆయన దొరబాబులా కాళ్ళెత్తి చూపడం. బస్సు దిగిన వాళ్ళు కూడా నిలబడి చూసేవాళ్ళు. కాలు పెట్టని రెడ్డెప్ప అని పేరు పడింది. ఉద్యోగంలో ఆ మనిషికి ఎవరూ ఒక్క మెచ్చుకోలు కాగితం ఇవ్వలేదు కానీ, ఆ పేరు ఒక్కటీ చాలనుకుని బతికాడు.

ఇరవై ఏళ్ళు అది నిజంగా నిజం. నేను సాక్షిని.

ఆ తరవాత మోకాలు పోయింది. ఒక మార్చి నెలలో ఏడో మలుపు దగ్గర, నేను ఎంత దాటించబోయినా, ఆయన కాలు దాటలేదు. అక్కడ రోడ్డు గోడలా లేస్తుంది. లోపలి పక్క బండల్లోంచి సన్నటి ఊట కారుతుంటుంది, బయటి పక్క లోయ. రెడ్డెప్ప కాలు కింద పెట్టాడు. పెట్టి నాలుగు దిక్కులూ చూశాడు. నేను తప్ప ఎవరూ లేరు. అక్కడ ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడం కుదరదు, అంత ఎక్కుడు. తొమ్మిదో మలుపు దాకా నన్ను తోసుకుంటూ పోయి, ఆసుపత్రి వాళ్ళ కంట పడకముందే మళ్ళీ ఎక్కాడు. తిరిగి వచ్చేటప్పుడు ఊట దగ్గర ఆగి, చెప్పులు విడిచి, అడుగులు కడిగి, చించిన పాత ఖాకీ చొక్కా చేయి ఒకటి తీసి శుభ్రంగా తుడిచాడు. ఆ గుడ్డను బండ సందులో దోపాడు.

ఆనాటి నుంచి ఎనిమిదేళ్ళు రోజూ అంతే. తోసుకుంటూ పోతే ఆలస్యమవుతుంది కనుక, బస్సు రాగానే సంచి కట్టుకుని బయలుదేరేవాడు. అంతకు ముందు బస్సు వచ్చాక తీరుబడిగా టీ తాగి, ఎనిమిదీ నలభైకి ఎక్కేవాడు. ఆ టీ మానేశాడు. ఓబుళమ్మ అడిగితే, "గ్యాసక్కా, టీ పడేది లే," అన్నాడు. టీ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఒక అబద్ధానికి కాపలాగా ఎనిమిదేళ్ళు టీ మానుకున్నాడు. నాకు జాలీ వేసేది, ఒళ్ళు మంటా పుట్టేది. అయినా నేను నోరు లేనిదాన్ని, ఎవరితో చెప్పను?

రెడ్డెప్ప రిటైరయ్యే ఏడాదికి కూతురు రెడ్డిరాణికి ఇరవై మూడేళ్ళు. పది పాసై, మదనపల్లె టమాటా మండీలో కాయలు ఏరే పనికి పోతుండేది. ఆమె చిన్నప్పటి నుంచీ కావాలనుకున్నది తండ్రి సంచి. ఆ పిల్లకు సైకిల్ నేర్పింది నేనే అనుకోండి. తండ్రి నేర్పించినది ఇంకొకటి కూడా ఉంది, మౌలాలి విద్య. కాళ్ళతో నన్ను అర అంగుళం ముందుకూ అర అంగుళం వెనక్కూ ఊపుతూ, కింద కాలు పెట్టకుండా ఉన్నచోటే నిలబడడం. రెడ్డిరాణి దాన్ని తండ్రి కంటే బాగా పట్టింది.

ఉద్యోగానికి అర్జీ పెట్టింది. ఇన్‌స్పెక్టరు ధనుంజయరావు కాగితాలన్నీ చూసి చెప్పాడు. "సోమవారం నేను పైన పోస్టాఫీసులో ఉంటాను. మీరు సంచి తీసుకుని తొమ్మిదిన్నర లోపల రావాలి. రాగలిగితే మీ పేరు రాస్తాను. లేకపోతే సంచి మధ్యాహ్నం జీపులో పంపే ఏర్పాటు చేసి ఈ పోస్టు ఎత్తేయమని పైవాళ్ళు అడుగుతున్నారు. అంతకంటే నా చేతిలో లేదు." మంచి మనిషే. చేతి గడియారాన్ని మాత్రం అస్తమానం చూసుకుంటాడు.

రెడ్డిరాణి ఆదివారాలు మూడుసార్లు నన్ను కొండ ఎక్కించింది. సంచి లేకుండా, తొందర లేకుండా. మూడుసార్లూ కాలు పెట్టలేదు. తండ్రిని తోడు రమ్మంటే మోకాలు సాకు చెప్పి తప్పుకున్నాడు. "బస్సు ఎనిమిదీ ఇరవై ఐదుకు వస్తాది. తీరుబడిగా టీ తాగి, ఎనిమిదీ నలభైకి ఎక్కు పాపా. నా లెక్క అదే గదా," అని మాత్రం చెప్పాడు. పక్కన ఓబుళమ్మ ఉంది. ఆమె లేకపోయి ఉంటే ఇంకో మాట చెప్పేవాడేమో. నేను ఆ క్షణంలో గంట మోగించగలిగితే మోగించేదాన్ని.

సోమవారం వచ్చింది. బస్సు సరిగ్గా ఎనిమిదీ ఇరవై ఐదుకే వచ్చింది. సంచి దించారు. ఆసుపత్రి మందుల పార్శిలు కూడా ఉంది, రోజూ కంటే బరువు. రెడ్డిరాణి దాన్ని నా క్యారియరుకు మూడు పేట్ల తాడుతో బిగించింది. తండ్రి చేతి గడియారం పెట్టుకుంది, అది ఆమె మణికట్టుకు వదులు. తరవాత అరుగు మీద కూర్చుని టీ గ్లాసు అందుకుంది.

"ఏమో పాపా," అంది ఓబుళమ్మ, "మీ నాయన ఈ ఎనిమిదేండ్లూ టీ తాగకుండానే పోతా ఉండె."

"గ్యాసంట గదత్తా."

రెడ్డెప్ప బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. నాకు ఆయన ముఖం కనబడుతూనే ఉంది. ఎనిమిదీ ముప్ఫై అయింది. ఆయన నోరు తెరిచాడు. "పాపా, ఈ పొద్దు టీ..." అన్నాడు. ఓబుళమ్మ తలెత్తి చూసింది. ఆయన, "...వేడిగా ఉండాది, చూసి తాగు," అని ముగించాడు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇరవై ఎనిమిదేళ్ళు నేను మోసిన మనిషి, అయినా ఆ పూట ఆయన్ని కింద పడేయాలనిపించింది. ఎనిమిదీ ముప్ఫై ఐదుకు, "ఎక్కరాదా ఇంక," అన్నాడు, గొంతులో బలం లేకుండా. "ఇంకా అయిదు నిమిషాలుండాది నాయనా. నీ టైం నాకు తెలీదా?" అని నవ్వింది రెడ్డిరాణి. గ్లాసు అడుగు దాకా తాగి, సరిగ్గా ఎనిమిదీ నలభైకి, అరుగు మీద నుంచి నా మీదికి కాలు వేసింది.

మొదటి మలుపు దాకా బాగుంది. రెండో మలుపుకు బరువు తెలిసింది. వెనక సంచి, ముందు ఎక్కుడు. ముందు చక్రం తేలికై పైకి లేవాలని చూస్తుంటే ఆమె హ్యాండిల్ మీదికి వంగి దాన్ని అదిమి పెట్టింది. మూడో మలుపులో సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. నేను నా వంతు చేశాను, ఆమె కాలు పైన నిలిచినప్పుడల్లా పట్టుకుని దాటించాను. నాలుగో మలుపుకు తొమ్మిది కావడానికి రెండు నిమిషాలు. తండ్రి చెప్పిన లెక్కకు అక్కడికి రెండు నిమిషాలు వెనక. ఆమె గడియారం చూసి పళ్ళు బిగించింది.

అయిదో మలుపులో వెదురు లారీ ఎదురొచ్చింది. రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. మామూలుగా అయితే దిగి పక్కకు జరగాలి. ఆమె దిగలేదు. లోపలి పక్కకు నన్ను తిప్పి, బండకు జానెడు దూరంలో నిలబెట్టి, కాళ్ళతో ముందుకూ వెనక్కూ ఊపుతూ నిలిచింది. లారీ ఇంచీ ఇంచీగా దిగింది. బయటికి పొడుచుకొచ్చిన వెదురు కొసలు ఆమె భుజం మీదుగా గీరుకుంటూ పోయాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కాలు కింద బెట్టమ్మా, పడిపోతావు!" అని అరిచాడు. లారీ దాటడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఆమె తొడలు వణకడం నా గొట్టాల దాకా తెలిసింది. మౌలాలి చూసి ఉంటే చప్పట్లు కొట్టేవాడు. నాకు మాత్రం భయం వేసింది. ఆ బలమంతా ఏడో మలుపుకు కావాల్సింది.

ఆరో మలుపు దాటే సరికి ఆమె ఊపిరి ఈలలా వస్తోంది. రోడ్డుకు అడ్డంగా ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ నన్ను కోస్తూ ఎక్కిస్తోంది, ఎక్కుడు తగ్గుతుందని. గడియారంలో తొమ్మిదీ పన్నెండు.

ఏడో మలుపు.

లోపలి పక్క ఊట, తడి గరుసు, జారుడు. అక్కడ చక్రానికి పట్టు లేదు. ఒక తొక్కు వేసింది. ఇంకో తొక్కు. పెడలు నెత్తి మీద నిలిచింది. నా ఊపు అయిపోయింది. నేను కొంచెం వెనక్కి జారాను, నాతో పాటు పెడళ్ళూ ఆమె కాళ్ళనూ వెనక్కి తోశాయి. పెట్టు తల్లీ, కాలు పెట్టు, అనుకున్నాను. పైకి తోసుకుంటూ పరుగెత్తితే ఇప్పటికీ అందుతావు, మీ నాయన చేసేది ఇదే, ఇక్కడే, ఎనిమిదేళ్ళుగా, అని కేకలు పెట్టాలనిపించింది. గంట కప్పు కూడా నా అంతట నేను కదపలేను.

ఆమె పైకే అంది, ఎవరితోనో, నాతోనే అనుకుంటాను. "నాయన ఒక్క దినమైనా పెట్టలా. నేను మొదటి దినమే పెడితే ఎట్లా?"

అని, ఊట పక్క వదిలి, నన్ను బయటి పక్కకు తిప్పింది. అక్కడ ఎక్కుడు కాస్త తక్కువ. కానీ అక్కడ కట్ట లేదు. రాళ్ళు పేర్చిన అంచు వానలకు ఎప్పుడో జారిపోయింది. నా ముందు చక్రం అంచుకు మూరెడు దూరంలో ఉంది. తరవాత జానెడు. గరుసు రాళ్ళు ఒక్కొక్కటీ లోయలోకి దొర్లడం వినిపిస్తోంది, కింద ఎంతసేపటికో తగిలిన చప్పుడు. ఆమె చూపు రోడ్డు మీద లేదు, తన కుడికాలి మీద ఉంది. ఆ కాలు పెడలును కిందికి దించగలదా లేదా, అంతే ఆమెకు లోకం. వెనక సంచి ఒకపక్కకు లాగింది. నా చక్రం కింద మన్ను విరిగింది.

అప్పుడు కాలు పెట్టింది. ఎడమకాలు, రోడ్డు వైపు, ఎర్రమన్నులో మడమ దాకా దిగేలా. నన్ను సంచితో సహా లోపలికి గుంజుకుని మీద పడింది. ఇద్దరం అడ్డంగా పడ్డాం. నా వెనక చక్రం గాల్లో తిరుగుతూనే ఉంది, పెడళ్ళు దాంతో పాటే. నాకు ఆగేది తెలీదని మౌలాలి ఊరికే అనలేదు.

కాసేపు ఆమె లేవలేదు. ఏడ్చింది. నొప్పికి కాదు. "పోయింది," అంది. ఉద్యోగమా, తండ్రి పేరా, ఏది పోయిందని అందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను. తరవాత మోచేతికి తగిలిన దెబ్బ కడుక్కోవడానికి ఊట దగ్గరికి పోయింది. నీళ్ళు పట్టుకుంటుంటే బండ సందులో ఏదో కనబడింది. లాగింది.

ఖాకీ గుడ్డ. ఎన్ని సార్లు ఉతికినా పోని ఎర్రమన్ను దాని నిండా. చొక్కా చేయి అది. చివర ఒక బొత్తాం, ఆ బొత్తాం పచ్చదారంతో కుట్టి ఉంది.

ఆ దారం ఆమెదే. ఆరో తరగతిలో ఉన్నప్పుడు తండ్రి చొక్కా బొత్తాం ఊడిపోతే, ఖాకీ దారం లేక, బడిలో కుట్టుపనికి ఇచ్చిన పచ్చదారంతో తనే కుట్టింది. ఆయన దాన్ని నెలల తరబడి అందరికీ చూపించుకుని తిరిగాడు.

రెడ్డిరాణి గుడ్డను చూసింది. ఊటను చూసింది. ఊట కింద, ఎనిమిదేళ్ళు ఒకే మనిషి ఒకేచోట కూర్చుని చెప్పులు రుద్దగా నున్నబడిన రాతిని చూసింది. తన కాలి చెప్పును చూసుకుంది. ఓబుళమ్మ పొద్దున టీ గురించి అన్న మాట గుర్తొచ్చి, నాయన టీ మానేసి ముందే బయలుదేరింది ఇందుకేనని అప్పుడు తెలిసి ఉంటుంది, ఎందుకంటే ఒక్కసారిగా గడియారం చూసుకుంది. తొమ్మిదీ పదహారు.

"దొంగ నాయనా," అంది. ఆ గొంతులో కోపం ఎంతో, నవ్వు ఎంతో విడదీయడం నావల్ల కాలేదు.

గుడ్డను నా సీటు కింద స్ప్రింగుల్లో దోపి, నన్ను లేపి, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి సంచి మీద వేసి పరుగు మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఆ ఎక్కుడులో నన్ను పరుగెత్తించినవాళ్ళు లేరు. పెడళ్ళు తిరుగుతూ ఆమె పిక్కలకు కొడుతున్నాయి, నా గుణం అది, నేనేం చేయను. రెండుసార్లు రక్తం వచ్చేలా తగిలాయి. ఆమె వాటిని తిట్టుకుంటూనే పరుగెత్తింది. ఎనిమిదో మలుపుకు తొమ్మిదీ ఇరవై రెండు. ఒక చెప్పు తెగింది. ఆగి తెగిన చెప్పును సంచి మీద పడేసి, ఒంటి చెప్పుతో పరుగెత్తింది. తొమ్మిదో మలుపులో ఆసుపత్రి వరండా కనబడింది, అక్కడ కూర్చున్న దుప్పట్ల మనుషులు ఒక్కొక్కరూ లేచి నిలబడడం కనబడింది. వాళ్ళలో ఎవరో, "వస్తా ఉండాది, సంచి వస్తా ఉండాది!" అని దగ్గుతూ అరిచారు.

పోస్టాఫీసు బండపరుపు మీద నన్ను ఆనించే సరికి లోపల గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై తొమ్మిది. ధనుంజయరావు తన చేతి గడియారం కూడా చూసుకున్నాడు. తరవాత ఆమెను చూశాడు. పిక్కల మీద రక్తం, మోచేతి మీద రక్తం, ఒక కాలికే చెప్పు.

"తొక్కుకుంటూ వచ్చారా అమ్మా?"

ఆమె తన ఒంటి చెప్పు వైపు చూసుకుంది. నేను ఊపిరి బిగబట్టాను, ఉంటే గనక. "లేదు సార్. ఏడో మలుపు నుంచి తోసుకుంటా వచ్చినా," అంది.

ఆయన చేతిలోని ఫారాన్ని పైనుంచి కిందికి వేలితో గీస్తూ చదివాడు. "సంచి ఎన్నింటికి వచ్చిందని రాయడానికి ఇక్కడ గడి ఉంది. ఎలా వచ్చిందని రాయడానికి గడి లేదు," అన్నాడు. "మీ నాన్న మోసిన ఇరవై ఎనిమిదేళ్ళూ లేదు." తొమ్మిదీ ఇరవై తొమ్మిది అని రాసి, కింద ఆమె పేరు రాశాడు. రాస్తుంటే రెడ్డిరాణి గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. ఆ తరవాత పదకొండేళ్ళు ఆమె ఆ సంచి నాతోనే మోసింది, రోడ్డుకు తారు పడి మోపెడ్ కొనుక్కునే దాకా.

దిగుడులో నా మీద ఎవరికీ విశ్రాంతి లేదు. చక్రం పరుగెడతానంటే కాళ్ళతో వెనక్కి అదుముతూ, ముందు బ్రేకు నొక్కుతూ, ఒళ్ళు హూనమై ఓబుళమ్మ అరుగుకు వచ్చి చేరాము. రెడ్డెప్ప పొద్దున కూర్చున్న చోటే ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "అందినావా?" అని అడిగాడు.

"అందినా. పేరు రాసుకున్నారు."

ఆయన ముఖం మీది నుంచి ఏదో పెద్ద బరువు దిగింది. కానీ ఓబుళమ్మ ఊరుకునే రకం కాదు. "ఏదీ, చూపీ," అంది అలవాటు కొద్దీ.

రెడ్డిరాణి ఉన్న ఒక్క చెప్పూ తీసి తిరగేసింది. ఎర్రమన్ను గడ్డకట్టి ఉంది. చెప్పు లేని పాదమైతే మడమ దాకా ఎరుపే. "పెట్టినానత్తా. ఏడో మలుపులో, ఊట కాడ," అంది. బస్సు కోసం నిలబడిన ఇద్దరు ముగ్గురు చూశారు.

తరవాత రెడ్డిరాణి నా సీటు కింద చేయి పెట్టి ఆ ఖాకీ గుడ్డ తీసింది. తీసి, తండ్రి ఎదుటే నా హ్యాండిల్ తుడవడం మొదలుపెట్టింది. హ్యాండిల్ తుడిచింది, గొట్టాలు తుడిచింది, చక్రం చువ్వలు ఒక్కొక్కటిగా తుడిచింది. పచ్చదారం బొత్తాం అటూ ఇటూ ఊగుతోంది. రెడ్డెప్ప దాన్నే చూస్తున్నాడు. ఆ పిల్ల చెప్పదని నాకు అర్థమైంది, ఆయనకూ అర్థమైంది. ఊరుకుంటే ఆయన పేరు చచ్చేదాకా అలాగే ఉండేది. నాకు ఆ పొద్దున ఏడో మలుపు దగ్గర కలిగినంత భయం మళ్ళీ కలిగింది, ఈసారి ఆయన కోసం. తనంతట తను నిజం చెప్పకపోతే ఈ మనిషి మీద నాకు మిగిలిన ప్రేమ కూడా పోతుందని.

"ఓబుళమ్మక్కా," అన్నాడు రెడ్డెప్ప. "అక్కా, ఎనిమిదేండ్లుగా నేనూ పెడతానే ఉండా. ఆ ఊట కాడే. ఆ గుడ్డ నాదే. నా మాట నమ్మి ఈ బిడ్డ ఈ పొద్దు..." అని కూతురి మోచేయి చూపించి ఆగిపోయాడు. కళ్ళు నిండిపోయాయి.

ఓబుళమ్మ పొయ్యిలోకి ఒక కట్టె తోసింది. "తెలుసులే రెడ్డెప్పా," అంది. "మే నెల ఎండల్లో తడి చెప్పులేసుకొని దిగొచ్చే మనిషిని నిన్నొక్కణ్ణే చూసినా."

నేను ఒక్కదాన్నే దాచాననుకున్న రహస్యం అది. బస్సు కోసం నిలబడిన వాళ్ళలో ఎవరో నవ్వారు, రెడ్డిరాణి కూడా నవ్వింది, ఏడుస్తూనే. రెడ్డెప్ప నవ్వలేదు. తలెత్తి, పొయ్యి మీద మరుగుతున్న గిన్నె వైపు చూశాడు.

"అక్కా, నాకూ ఒక టీ ఇయ్యి," అన్నాడు.

"గ్యాసు?"

"లేదక్కా. ఎప్పుడూ లేదు."

ఓబుళమ్మ గ్లాసు నిండా పోసి అందించింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, ఎనిమిదేళ్ళ తరవాత మొదటి గుక్క తాగాడు.